ఏడు ముళ్ళ దారం

మా అత్తకు కథలు చెప్పడం వచ్చు. జాలిపడడం రాదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే ఎలా ఉంటుందో ఆ ఇంట్లో కోడళ్ళుగా బతికిన ముగ్గురికే తెలుసు. ముగ్గురిలో పెద్దామె పోయింది. చిన్నామె చెప్పదు. కాబట్టి నేను చెబుతున్నాను. నన్ను నేను మంచిదాన్ని చేసుకోవడానికి మాత్రం కాదు. అలా ఆశపడి చదివేవాళ్ళు ఇక్కడే ఆపేయవచ్చు.

మా అత్తవారి ఊరు ముత్తుకూరుకు పైన, ఉప్పుగాలి తగిలేంత దూరంలో ఉంటుంది. మొలగొలుకుల వడ్లు పండే భూములు. నేను కాపురానికి వచ్చేటప్పటికి యాభైల చివరి రోజులు, సంతలో కొత్త పైసలను జనం ఇంకా తిప్పి తిప్పి చూసుకుంటున్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మగవాళ్ళు వసారాలో నడుం వాల్చేవారు. ఊళ్ళో మిగతా ఇళ్ళ ఆడవాళ్ళు ఆ వేళకు అష్టాచెమ్మా ఆడుకునేవాళ్ళు. మా నడవలో మాత్రం ఏడు కోటల ఆట.

ఆ ఆటకు పీట లేదు, గళ్ళు లేవు. మా అత్త నోరే దానికి పీట. గోడకు ఆనుకుని కూర్చుని, వక్క నములుతూ, కళ్ళు మూసుకుని మొదలుపెట్టేది. “పోతా ఉండారు. అడివి. ముందర మూడు దోవలు. ఒకదాంట్లోనించి పొగ వస్తా ఉంది. ఏం చేస్తారో చెప్పండి.” ఏం చేస్తామో మేము చెప్పాలి. అది ప్రమాదమైన పనైతే ఏడు గవ్వలు వెయ్యాలి. ఎన్ని వెల్లకిలా పడితే గండం గడుస్తుందో ముందుగానే ఆమె చెప్పేది. అన్ని పడ్డాయా, గుహ దాటుతాము. పడలేదా, మా పని సరి.

అందులో ఒక్కొక్కరికి ఒక్కో వేషం. అది మేము కోరుకునేది కాదు, మా అత్త ఇచ్చేది. పెద్ద తోడికోడలు మంత్రగత్తె. నేను గజదొంగ. ఎందుకత్తా నేను దొంగనైనాను అని ఒకసారి అడిగాను. “గడప దాటి లోపలికి వచ్చిన రోజు దేవుడి పటాలకంటే ముందు వంటింట్లో జాడీలు చూసినావు, నేను చూడలేదనుకున్నావా?” అంది. నా తర్వాత రెండేళ్ళకు వచ్చిన చిన్న కోడలికి రౌతు వేషం ఇచ్చింది. ఆ పిల్లది తడ దగ్గర ఊరు. మాటలో కొంచెం అరవం కలిసేది. పద్దెనిమిదేళ్ళు, బియ్యం బస్తా ఒక్కతే లేపేది. గుర్రం ఇస్తావా అత్తా అని అడిగి, ఇస్తానంటే చప్పట్లు కొట్టింది. అంత అమాయకురాలిని చూస్తే నాకు చిరాకు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ ఆటలో మనిషి పైకి ఎలా వస్తుందన్నదే అసలు సంగతి. ముగ్గురికీ మూడు జానెడు దారాలు మేకులకు వేలాడేవి. వల అల్లే దారం, కషాయంలో ముంచి ఎండబెట్టినది, పుల్లలా బిగుసుకుని ఉండేది. కోటలోంచి నిధి తెచ్చినామెకు దారంలో ఒక ముడి. రాక్షసుణ్ణి చంపినందుకు ముడి లేదు. “చంపితే నీకేం మిగిలింది? ఇంటికి ఏం తెచ్చినావు?” అనేది మా అత్త. నిధి చేతికి దొరికినంత మాత్రాన కూడా లెక్కలోకి రాదు. దాన్ని మోసుకుని అడవి దాటి, ఏరు దాటి, ఇంటి వాకిట్లో దించితేనే ముడి. దోవలో చచ్చిందా, అంతకుముందు పడ్డ ముళ్ళన్నీ విప్పేయాలి. ఎవరి దారం వాళ్ళే విప్పుకోవాలి, ఇంకొకరు చెయ్యి వేయకూడదు. ఆ దారంతో గోళ్ళు విరిగేవి. చివరికి పళ్ళే దిక్కు.

ఈ కట్టుబాట్లు ఏ పుస్తకంలోవీ కావు, మా అత్త కోపంలోంచి పుట్టినవి. నేను రాకముందు పెద్ద తోడికోడలు ఒకసారి ఏడు ముళ్ళు వేయించుకుందట. ఏడు పడినామె ఒక కోరిక కోరుకోవచ్చు. ఆమె తిరుపతికి పంపమంది. మా అత్త మారుమాట లేకుండా మర్నాడే బండి కట్టించింది. పంపింది కానీ ఒళ్ళు మండిపోయింది. ఆమె తిరిగి రాగానే, ఇకమీదట మంత్రగత్తెకు రెండు నిధులకు ఒక ముడి అంది. ఎందుకని అడిగితే, “మంత్రం ఊరికే వస్తుందా?” అంది. పాపం ఆమె దారంలో ఆ తర్వాత ఎప్పుడూ రెండు ముళ్ళకు మించి నేను చూడలేదు. ఆటలో ఏడుపు మొహంతో కూర్చునేది, అయినా మానేది కాదు.

మానకపోవడానికి కారణం ఉంది. ఆ ఇంట్లో మా అత్తను కదిలించే దారి అదొక్కటే. కొడుకులు అడిగితే వినదు, మామగారు అడిగితే వినదు, ఏడిస్తే అసలు వినదు. ఏడు ముళ్ళు చూపిస్తే మాత్రం ఇచ్చిన మాట తప్పదు.

నాకు కావలసిందీ ఒకటి ఉంది. మా ఆయన నెల్లూరులో ఆఫీసు గుమాస్తా. ఒక గదిలో ఉండి, హోటల్లో తింటూ, ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చేవాడు. మూడేళ్ళు గడిచాయి. నెల్లూరులో కాపురం పెడదామని అమ్మను అడుగు అంటే, అడుగుతాలే అని మంచం మీద అటు తిరిగి పడుకునేవాడు. ఆయన అడగడని నాకు మూడో నెలలోనే అర్థమైంది. ఇక నేనే గెలుచుకోవాలి.

ఆ ఏడు వానలు పడి, నారుమళ్ళు అందుకునే వేళకు నా దారంలో ఐదు ముళ్ళు, చిన్నదాని దారంలో ఆరు. దానికి చెయ్యి అలా కలిసివచ్చింది. గవ్వలు దాని మాట వినేవి. అప్పుడే దాని పుట్టింటి నుంచి ఉత్తరం వచ్చింది. దానికి చదువు రాదు. బావి దగ్గర నిలబడి నేనే చదివి వినిపించాను. రాసింది దాని అన్న. అమ్మకు పొట్ట ఉబ్బింది, ముద్ద దిగడం లేదు, రోజూ నిన్నే అడుగుతోంది, ఒక్కసారి వచ్చిపో అని రాశాడు. నేను ఒక్క అక్షరం కూడా మింగలేదు. అంతా చదివాను. అందుకని తర్వాత నాకు తెలియదనడానికి లేదు.

చిన్నది తడి చేతులతోనే వెళ్ళి అత్తను అడిగింది. అత్త చాటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు.

“ఆషాఢానికి పోయొచ్చినావు గదా. సోమవారం నించీ నాట్లు. కూలోళ్ళకు నీళ్ళు ఎవురు మోస్తారు, కూడు ఎవురు వండుతారు? నాట్లయినాక చూస్తాం.”

“అప్పటికి అమ్మ ఉంటాదో లేదో అత్తా.”

“ఉంటాది. మనుషులు అంత తొందరగా పోరు.”

బావి దగ్గరకు తిరిగి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “అక్కా, నాట్లు మొదలైతే మళ్ళా కుప్పలు నూర్చిందాకా ఆట లేదు. ఈ వారంలోనే నాకు ఏడోది పడాల. నువ్వు తోడు రా. నాకు పడినాక నీక్కూడా పడేట్టు చేద్దాం.”

“సరేలేమ్మే. నీ తర్వాతే నేను” అన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను. ఆ మాట నా నోట్లో మూడు రోజులు నిజంగానే ఉంది.

ఆదివారం మా ఆయన వచ్చాడు. ఆఫీసు వెనక వీధిలో ఒక వాటా ఖాళీ అయిందని, గదీ వంటిల్లూ ఉన్నాయని, చెయ్యి చాపితే బావి అందుతుందని చెప్పాడు. వచ్చే ఆదివారం లోపల మాట ఇవ్వకపోతే వేరేవాళ్ళు చేరతారట. ఇదంతా అన్నం తింటూ, ఎవరిదో కబురు చెప్పినట్టు చెప్పి, చెయ్యి కడుక్కుని నిద్రపోయాడు. నేను కంచం తీసి, మేకు దగ్గరకు వెళ్ళి నా దారంలో ముళ్ళు మళ్ళీ లెక్కపెట్టుకున్నాను.

ఆ వారం నాట్లు ఒక్క రోజు వెనక్కి పోయాయి. సోమవారం వాన వదల్లేదు. మధ్యాహ్నం మా అత్త గవ్వలు తెమ్మంది. ఇదే చివరి ఆట అని కూడా అంది.

పెద్దామె మొదటి వాగులోనే కొట్టుకుపోయింది. దారం విప్పుకుని, పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ మమ్మల్ని చూస్తోంది. నేనూ చిన్నదీ ఏడో కోట చేరాం. ఆ కోటకు ఇనప తలుపు ఉంది, పైనుంచి కిందికి పడేది. రౌతు దాన్ని భుజం మీద మోసి పట్టుకుంటే, దొంగ లోపలికి దూరి నిధి తేవాలి. గవ్వలు వేశాం. దానికి ఐదు పడ్డాయి, తలుపు లేపింది. నాకు నాలుగు పడ్డాయి, నిధి తీసుకుని తలుపు బయటికి వచ్చేశాను. తలుపు కింద అది ఒక్కతే మిగిలింది.

మా అత్త కళ్ళు మూసుకునే చెప్పింది. “తలుపు దిగతా ఉంది. రౌతు మోకాళ్ళ మీదకు వచ్చేసింది. దొంగ వెనక్కి పోయి చెయ్యి పట్టి లాగాల. గవ్వలు వెయ్యి. నాలుగో, ఆ పైనో పడితే ఇద్దరూ ఇంటికి పోతారు, చెరి ఒక ముడి. పడకపోతే తలుపు ఇద్దరి మీదా పడతాది.” కొంచెం ఆగింది. వక్క ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చింది. “లేదంటే దాన్ని అట్నే వదిలిపెట్టి ఇంటికి పో. ఒక్కతే తెస్తే రెండు ముళ్ళు. అది ఎప్పట్నించో ఉన్న కట్టుబాటే.”

ఏడు గవ్వల్లో నాలుగు పడాలంటే సగానికి సగం. పడితే చిన్నదానికి ఏడు, నాకు ఆరు, అది పుట్టింటికి పోతుంది, నెల్లూరు వాటా వేరేవాళ్ళకు పోతుంది. పడకపోతే ఇద్దరికీ ఏమీ లేదు. వదిలేస్తే నాకు ఏడు. ఇంత లెక్క నేను ఊపిరి తీసి విడిచేలోపల వేసేశాను.

చిన్నది నవ్వుతోంది. గవ్వలు పోగుచేసి నా దోసిట్లో పోసింది. “వెయ్యక్కా. నీ చెయ్యి మంచిది. పడతాయి” అంది.

నేను గవ్వలు నేలమీద పెట్టేశాను. “నేను ఇంటికి పోతున్నా” అన్నాను.

అర్థం కాలేదు దానికి. ఆటలో ఏదో ఎత్తు వేస్తున్నాననుకుని నా మొహంలోకి చూస్తూ ఇంకా నవ్వుతూనే ఉంది. పెద్దామె మాత్రం చాట పక్కన పెట్టి పెద్దగా నవ్వింది. తనకు జరిగింది ఇంకొకరికి కూడా జరిగిందన్న సంతోషం ఆ నవ్వులో వినపడింది. అప్పుడు మా అత్త కళ్ళు తెరిచింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి నన్ను చూసి మెచ్చుకోలుగా తల ఊపింది.

“ఇప్పుడైనావు నువ్వు ఈ ఇంటి కోడలివి” అంది.

ఆ మెప్పుకు నాకు సిగ్గు వేసి ఉంటే బాగుండేది. సంతోషమే వేసింది.

చిన్నది దారం విప్పుకోవడానికి కూర్చుంది. ఐదు ముళ్ళు గోళ్ళతోనూ పళ్ళతోనూ వచ్చాయి. ఆరోది రాలేదు. మొదట వేసిన ముడి అది, ఏడాదిగా బిగుసుకుని ఉంది. మా అత్త, అది వచ్చేదాకా ఎవరూ లేవకూడదంది. నేను నా దారంలో రెండు ముళ్ళు వేసుకుని, ఏం చెయ్యాలో తెలియక చేతిలో పట్టుకుని కూర్చున్నాను. చివరికి చిన్నదాని పెదవి తెగి, ముడి ఎర్రగా అయ్యాక గానీ ఊడిరాలేదు. చిన్నది ఆ దారాన్ని మేకుకు తగిలించి, చెంగుతో మూతి తుడుచుకుని, కూలివాళ్ళకు రేపటి బియ్యం నానబెట్టాలని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను అక్కడే నా కోరిక అడిగేశాను. మా అత్త సరే అంది. గురువారం మంచిదని కూడా తనే చెప్పింది.

మంగళవారం, నాట్ల పని మధ్యలో, నా సామాను సర్దడానికి చిన్నదే వచ్చింది. ఆవకాయ జాడీకి వాసెన గుడ్డ కట్టింది. చాప చుట్టింది. దానికి నా మీద కోపం ఉంటే నేను తట్టుకునేదాన్ని, నా నోరు ముందు దానిది ఏపాటి. కానీ అది వేరే మాట అడిగింది.

“అక్కా, నెల్లూరులో పెద్దాసుపత్రి ఉండాది గదా. అన్న అమ్మను ఆడికి తీసుకొస్తే నీ ఇంట్లో నాలుగు దినాలు పెట్టుకుంటావా?”

“చూద్దాం” అన్నాను. “ఒకటే గది కదా” అని కూడా అన్నాను.

“అవును గదా” అని తాడు గట్టిగా లాగి ముడి వేసింది.

బుధవారం పొద్దున తడ వైపు నుంచి ఒక మనిషి వచ్చి, లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మంచినీళ్ళు ఇస్తే పుచ్చుకోలేదు. కబురు చెప్పకముందే అందరికీ అర్థమైంది. చిన్నదాని అమ్మ సోమవారం సాయంత్రం పోయిందట. మేము ఆడుకున్న మధ్యాహ్నం బండి కట్టి ఉంటే ప్రాణంతో చూసేదా అని నేను తర్వాత ఎన్నోసార్లు దూరం లెక్క వేశాను. బండి, బస్సు, మళ్ళీ బండి. చూడలేకపోయేది. ఆ లెక్క నాకు ఊరట అనుకుంటారేమో. ఉత్తరం వచ్చిన రోజునే నేను కూడా దానితో పాటు అత్త ముందు నిలబడి ఉంటే చూసేదే.

మా అత్త ఏడవలేదు, ఒక్క మాట ఓదార్పూ చెప్పలేదు. జీతగాణ్ణి కేకేసి బండి కట్టమంది. చిన్నది పొలం నుంచి బురద కాళ్ళతో పరిగెత్తుకొచ్చి, ఇంకా నమ్మకం కుదరక, “అత్తా, పొయ్యేనా?” అని అడిగింది.

“పోమ్మా, పో. చావుకు పోవడానికి ముళ్ళు అక్కర్లేదు” అంది మా అత్త.

నేను మర్నాడు, అనుకున్న ముహూర్తానికే, నెల్లూరు వెళ్ళిపోయాను.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు పెళ్ళిళ్ళలోనూ తద్దినాలలోనూ కలిసినప్పుడల్లా అది నన్ను అక్కా అనే పిలిచింది, వడ్డన చేస్తే నాకు ముందు వడ్డించింది. మా అత్త మంచాన పడ్డప్పుడు రెండేళ్ళు ఎత్తి దించిందీ అదే. చనిపోతూ అత్త ఆ ఏడు గవ్వలు దాని చేతిలో పెట్టిందని విన్నాను. నాకు ఇవ్వనందుకు కోపం కూడా వచ్చింది.

అరవైల చివర్లో మా మరిదికి కంటి ఆపరేషనని ఆయనా చిన్నదీ నెల్లూరు వచ్చి వారం రోజులు మా ఇంట్లో ఉన్నారు. అప్పటికి మేము మూడు గదుల ఇంట్లోకి మారాం. ఒక మధ్యాహ్నం ఆయనకు ఆసుపత్రిలో అన్నం పెట్టి వచ్చి, చిన్నది నా కూతుర్ని కూర్చోబెట్టుకుంది. నా కూతురికి అప్పుడు ఎనిమిదేళ్ళు. కథ చెప్పు పిన్నీ అని ప్రాణం తీస్తోంది. నేను వంటింట్లో చేపలు తోముతున్నాను. గవ్వల చప్పుడు వినపడింది. 

తొంగి చూశాను. సంచిలోంచి రెండు దారాలు తీసి అదే ముళ్ళు వేస్తోంది. ఒకదానికి ఆరు. ఒకదానికి ఐదు. ఆరు ముళ్ళది తన ముందు పెట్టుకుంది, ఐదు ముళ్ళది పిల్ల చేతికిచ్చింది. “నేను రౌతును. నువ్వు దొంగవు” అంది. అడవి చెప్పింది, కోట చెప్పింది, ఇనప తలుపు చెప్పింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. మా అత్త చెప్పినట్టే, ఆగవలసిన చోట ఆగి చెప్పింది.

“తలుపు దిగతా ఉండాది. నన్ను లాగాలంటే గవ్వలు వెయ్యాల. నాలుగు పడాల.”

“పడకపోతే పిన్నీ?”

“ఇద్దరం పోతాం.”

“వెయ్యకపోతే?”

“నువ్వు ఇంటికి పోతావు. నీకు రెండు ముళ్ళు. నేను ఆడనే ఉంటా.”

వెయ్యి తల్లీ, వెయ్యి అని నేను వంటింట్లో చేపల కత్తి పట్టుకుని మనసులో మొక్కుకున్నాను. గవ్వల చప్పుడు కోసం చెవులు రిక్కించాను. అది రాలేదు.

“అయితే నేను ఇంటికి పోతున్నా” అంది నా కూతురు.

చిన్నది తన దారం ఒళ్ళో పెట్టుకుని విప్పుకోవడం మొదలుపెట్టింది. నా కూతురు రెండు ముళ్ళు ఎలాగో వేసుకుని, దారం గాల్లో ఊపుకుంటూ వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది.

“అమ్మా, నేను గెలిచినా! ఏడు పడినాయి! కోరిక కోరుకోమంటా ఉంది పిన్ని. ఏమడగాల?”

నడవలోంచి, తల ఎత్తకుండానే, దారం పళ్ళమధ్య పెట్టుకునే చెప్పింది చిన్నది. “అమ్మనే అడుగు తల్లీ. మీ అమ్మకు తెలుసు.”

చేతులు కడుక్కుని రా, అన్నం పెడతాను అన్నాను నా కూతురితో. ఇప్పుడే తిన్నాను గదమ్మా అంది అది.